లండన్ – పారిస్: దూరము ఒకటే, కాలములు అనేకము

రెండు ఊళ్ల మధ్య దూరమెంత అని అడిగినప్పుడు మన పల్లెలలో పెద్దలు మైళ్ల లెక్క చెప్పుట అరుదు. "పొద్దున్నే బయలుదేరితే పొద్దు వాలేసరికి చేరవచ్చు" అని చెప్పుటయే వాడుక. దూరమును కాలముతో కొలుచుట మానవునకు సహజము. ఐతే ఈ రెండు కొలతలకును స్వభావములో గొప్ప భేదము కలదు. ఊళ్లు కదలవు, కనుక వాటి మధ్య దూరము మారదు. ప్రయాణ కాలము మాత్రము వాహనమును బట్టి, గాలిని బట్టి, ప్రయాణమునకు ఏర్పడిన కట్టుబాట్లను బట్టి, చివరకు గడియారమును బట్టి కూడ మారుచుండును.

ఈ భేదమును తెలిసికొనుటకు ఇరుగుపొరుగు దేశములైన ఇంగ్లండు, ఫ్రాన్సుల రాజధానుల కథ చక్కని ఉదాహరణము. లండన్, పారిస్ నగరముల నడిబొడ్డుల మధ్య తిన్నని దూరము సుమారు 344 కిలోమీటర్లు, అనగా 214 మైళ్లు. మధ్యలో ఇంగ్లీషు చానలు అడ్డముగా ఉన్నది. దాని మిక్కిలి ఇరుకైన భాగము డోవర్ జలసంధి. అక్కడ వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు. పెద్ద దూరమేమియు కాదు. ఐనను ఈ కొద్దిపాటి దూరమును సరిగా కొలుచుటకు శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి శ్రమింపవలసి వచ్చినది. దానిని గాలిలో క్షేమముగా దాటుటకు కావలసిన నియమములను నేర్చుకొనుటకు ప్రాణములు సైతము బలి కావలసి వచ్చినది.

గాజు గొట్టములతో కొలిచిన నేల

1783లో సెజార్ ఫ్రాన్స్వా కస్సీని అను ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు బ్రిటిష్ ప్రభుత్వమునకు ఒక విజ్ఞాపన పంపినాడు. పారిస్ వేధశాలకును, లండన్ చెంతనున్న గ్రీనిచ్ వేధశాలకును గల స్థాన భేదము సరిగా తెలియుట లేదనియు, అక్షాంశములో 15 సెకనుల కోణము, రేఖాంశములో సుమారు 11 సెకనుల కాలము సందేహాస్పదముగా ఉన్నదనియు అతని వాదము. వినుటకు ఇవి స్వల్పముగా తోచును. కాని భూమి 24 గంటలలో ఒక చుట్టు తిరుగును గనుక, ఆ అక్షాంశముల వద్ద 11 సెకనుల కాలము అనగా నేలపై 3 కిలోమీటర్లకు పై మాటయే. 15 సెకనుల అక్షాంశ భేదము 460 మీటర్లకు సమానము. గ్రహముల నడకను గణించుచున్న రెండు గొప్ప వేధశాలలకు తమ మధ్యనున్న నేల కొలత మాత్రము మూడు కిలోమీటర్లు అటో ఇటో అన్నట్లుండెను.

గ్రీనిచ్ వేధశాలాధిపతి మాస్కెలీన్ ఈ ఆక్షేపణను అంగీకరింపలేదు. ఐనను రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్ ఇట్టి తగవును వాదముతో కాక కొలతతో తీర్చుటయే మేలని తలచి, విలియం రాయ్ అను సైనికాధికారికి ఆ పని అప్పగించినాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధములో ఎదురెదురు పక్షముల నిలిచిన బ్రిటన్, ఫ్రాన్సులు సంధి చేసికొన్నది ఆ 1783లోనే. శత్రుత్వము చల్లారీ చల్లారక ముందే రెండు దేశముల వారు కలిసి కొలతకు పూనుకొనుట గమనింపదగిన విషయము.

సముద్రముపై గొలుసు పరచి కొలుచుట సాధ్యము కాదు. అందుచేత త్రిభుజముల పద్ధతి అవలంబించినారు. ఒక త్రిభుజములో ఒక భుజము పొడవు, దాని రెండు కొసల వద్దనున్న కోణములు తెలిసినచో మిగిలిన రెండు భుజములను గణించవచ్చును. అట్లు దొరికిన భుజముపై మరియొక త్రిభుజమును నిలుపవచ్చును. ఈ విధముగా కొండ నుండి కొండకు, గోపురము నుండి గోపురమునకు చూపు సారించుచు ఎంత దూరమైనను పోవచ్చును. నేలపై స్వయముగా కొలువవలసినది మొదటి భుజము ఒక్కటే. దీనికి ఆధార రేఖ అని పేరు. దానిలో తప్పు జరిగినచో ఆ తప్పు తుది వరకు వెంట వచ్చును.

1784లో రాయ్ లండన్‌కు పడమటనున్న హౌన్‌స్లో మైదానమును ఆధార రేఖకు ఎంచుకొన్నాడు. అది పలకవలె చదునైన నేల. మొదట కర్ర బద్దలతో కొలిచి చూడగా, గాలిలోని తేమకు కర్ర ఉబ్బి పొడవు మారుచున్నట్లు తేలినది. అప్పుడు ఇరువది అడుగుల గాజు గొట్టములను చేయించి, వాటిని ఒకదాని కొసకు మరియొకటి చేర్చుచు మైదానమంతయు కొలిచినారు. తేలిన పొడవు 27,404 అడుగులు. అనగా 8 కిలోమీటర్లకు కొంచెము పైన.

కోణములను కొలుచుటకు జెస్సీ రామ్స్‌డెన్ అను పనిముట్ల నిపుణుడు మూడడుగుల వ్యాసము గల థియోడొలైటును చేయ పూనుకొన్నాడు. అది సిద్ధమగునప్పటికి మూడేండ్లు పట్టినది. దాని బరువు సుమారు 200 పౌనులు. 1787 సెప్టెంబరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ముగ్గురు డోవర్‌కు వచ్చి రాయ్‌తో సమావేశమైనారు. వారు పెద్ద కస్సీని మరణానంతరము ఆ పని చేపట్టిన ఆయన కుమారుడు, మెషాఁ, లెజాండ్ర్. ఆ శరత్కాలములో రాత్రివేళ ఇరు తీరముల మీదను ప్రకాశవంతమైన తెల్లని దీపములు వెలిగించి, ఆ వెలుగులను థియోడొలైటులో చూచి సముద్రమునకు ఆవలనున్న కోణములను పట్టినారు. గుండ్రని భూమి మీది త్రిభుజములను సమతల త్రిభుజములవలె గణించుటకు వీలు కల్పించు లెజాండ్ర్ సిద్ధాంతము ఈ పని సందర్భముననే పుట్టినది. రాయ్ తన తుది నివేదిక అచ్చు ప్రతులను దిద్దుచుండగనే 1790లో మరణించినాడు. 1793లో రెండు దేశముల మధ్య మరల యుద్ధము వచ్చినది. రెండు యుద్ధముల నడుమ దొరికిన పదేండ్ల సందులో ఆ దూరము స్థిరపడినది.

ఇదే పద్ధతిని లాంబ్టన్ 1802లో మద్రాసు చెంత ఆధార రేఖ కొలిచి మన దేశములో ప్రారంభించినాడు. ఆ త్రిభుజముల వరుస తరువాతి యేండ్లలో గుత్తి మీదుగా తెలుగునాట సాగి ఉత్తరమునకు పోయినది.

గాలిలో తొలి ప్రయాణములు

రామ్స్‌డెన్ థియోడొలైటుకై రాయ్ ఎదురుచూచుచున్న కాలముననే మరియొక వింత జరిగినది. 1785 జనవరి 7న ఫ్రెంచివాడైన బ్లాంషార్, అమెరికను వైద్యుడు జెఫ్రీస్ డోవర్ కొండ మీద నుండి బెలూనులో లేచి, సుమారు రెండున్నర గంటలలో ఫ్రాన్సు తీరము దాటి గీన్ అను ఊరి చెంతనున్న అడవిలో దిగినారు. దారిలో బెలూను క్రిందికి జారుచుండగా బరువు తగ్గించుటకై సామానులనే కాక ఒంటి మీది దుస్తులను గూడ సముద్రమున పారవేసినారు. అదే సంవత్సరము జూనులో ఎదురు దిశలో చానలు దాటబోయిన పిలాత్ర్ ద రోజియే, అతని సహచరుడు బెలూను కూలి మరణించినారు. బెలూను గాలి పోయిన వైపు పోవునేగాని మనిషి కోరిన వైపు పోదు. అట్టి వాహనమునకు ప్రయాణ కాలమును ముందుగా చెప్పుట అసాధ్యము.

కోరిన వైపు పోగల యంత్రము చానలును దాటినది 1909 జూలై 25న. లూయీ బ్లెరియో కలే చెంత నుండి లేచి 36½ నిమిషములలో డోవర్ చేరినాడు. మరుసటి సంవత్సరము జాన్ మొయిసాంట్ అను అమెరికను వైమానికుడు పారిస్ నుండి లండన్‌కు పయనమైనాడు. 1910 ఆగస్టు 16న బయలుదేరి మరునాడే చానలు దాటినాడు. కాని ఇంగ్లండు నేల మీద విమానము మాటిమాటికి చెడిపోవుటచే లండన్ పొలిమేరలకు చేరునప్పటికి సెప్టెంబరు 6 అయినది. విమానములో పోయినను మూడు వారముల ప్రయాణము! ఆ రోజులలో రైలులోను, పడవలోను పోవువారు ఒక్క పగటిలోనే ఆ దూరమును దాటుచుండిరి. యంత్రము వేగమునకును, ప్రయాణ వేగమునకును గల తేడా ఇక్కడ మొదటిసారి బయటపడినది.

1911 ఏప్రిల్ 12న పియెర్ ప్రియే లండన్‌లోని హెండన్ నుండి పారిస్ చెంతనున్న ఇసీకి ఎక్కడను దిగకుండ 3 గంటల 56 నిమిషములలో చేరినాడు. సగటు వేగము గంటకు సుమారు 90 కిలోమీటర్లు.

రెండు గడియారములు

ప్రియే ప్రయాణమునకు ఒక నెల ముందు మరియొక ముఖ్యమైన మార్పు జరిగినది. సూర్యుడు పారిస్‌లో గ్రీనిచ్ కంటె 9 నిమిషముల 21 సెకనులు ముందుగా నడినెత్తికి వచ్చును. అందుచేత పారిస్ గడియారములు లండన్ గడియారముల కంటె అంత ముందుండెడివి. 1911 మార్చి 9 నాటి చట్టము ద్వారా ఫ్రాన్సు ఈ తేడాను తీసివేసినది. ఐతే ఆ చట్టములో గ్రీనిచ్ పేరు ఎత్తలేదు. ఫ్రాన్సు కాలము "పారిస్ కాలమునకు 9 నిమిషముల 21 సెకనులు వెనుక" అని మాత్రమే వ్రాసికొన్నారు. అది అచ్చముగ గ్రీనిచ్ కాలమే! కస్సీని, రాయ్‌ల నాడు సందేహాస్పదముగా ఉండిన స్థాన భేదము ఒక సెకను కూడ వదలక చట్టములోనికి ఎక్కినది.

1940లో జర్మను సేనలు పారిస్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి గడియారములను బెర్లిన్ కాలమునకు మార్చినారు. యుద్ధము ముగిసిన పిమ్మటను ఫ్రాన్సు గ్రీనిచ్ కంటె ఒక గంట ముందున్న కాలమునే నిలుపుకొన్నది. ఈనాటి విమాన కాలపట్టికలో కనబడు చిత్రమునకు కారణమిదే. ఉదాహరణకు విమానము ఇటునుండి అటు పోవుటకు 1 గంట 20 నిమిషములు పట్టుననుకొందము. లండన్‌లో పది గంటలకు బయలుదేరినచో పారిస్ గడియారము ప్రకారము 12–20కి చేరును. తిరుగు ప్రయాణములో పారిస్‌లో ఒంటి గంటకు బయలుదేరినచో లండన్ గడియారము ప్రకారము 1–20కే చేరును. పోవునప్పుడు 2 గంటల 20 నిమిషములు, వచ్చునప్పుడు 20 నిమిషములు పట్టినట్లు పట్టిక చూపును. సూర్యుడు ఇచ్చిన తేడా తొమ్మిది నిమిషములు మాత్రమే. తక్కినది మనుష్యులు పెట్టుకొన్నది. మన దేశమునకు గూడ కాకినాడ సమీపమున పోవు 82½ డిగ్రీల రేఖాంశమును బట్టి ఒకే కాలము నిర్ణయింపబడినది గదా! గడియారపు కాలము ఒక ఒప్పందము; ప్రయాణ కాలము ఒక భౌతిక సత్యము. ఈ రెంటిని కలగాపులగము చేయరాదు.

గాలి తీసికొను పన్ను

మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట, 1919 ఆగస్టు 25న, లండన్ – పారిస్‌ల మధ్య ప్రతిదినము నడచు విమాన సర్వీసు ప్రారంభమైనది. రెండు దేశముల మధ్య క్రమముగా దినదినము నడచిన విమాన సర్వీసులలో ఇదే మొదటిది. ఆ ఉదయము 9–10కి లాఫర్డ్ అను పైలటు ఒక పత్రికా విలేఖరిని, కొన్ని వార్తాపత్రికలను, మీగడను, వేట పక్షులను ఎక్కించుకొని లేచి, 11–40కి పారిస్ చెంతనున్న లె బూర్జేలో దిగినాడు. 2½ గంటల ప్రయాణము. అతడు లేచిన చోటు ఏది? హౌన్‌స్లో మైదానమే! రాయ్ కొలతకు పనికివచ్చిన చదునుదనమే విమానము పరుగెత్తుటకును పనికివచ్చినది.

ఆ కాలపు విమానములకు గాలి పెద్ద సమస్య. విమానము వేగము గంటకు 160 కిలోమీటర్లనుకొందము. గాలి లేనిచో 344 కిలోమీటర్లకు 2 గంటల 9 నిమిషములు పట్టును. గంటకు 40 కిలోమీటర్ల గాలి ఎదురు వీచినచో నేలను బట్టి వేగము 120కి తగ్గి, 2 గంటల 52 నిమిషములు పట్టును. తిరుగు ప్రయాణములో అదే గాలి వెనుక నుండి తోసినచో వేగము 200 అయి, 1 గంట 43 నిమిషములు పట్టును. పోయినది వచ్చినది సరిపోయినదని తోచవచ్చును. కాని కూడి చూడుడు. గాలి లేనిచో రాకపోకలకు మొత్తము 4 గంటల 18 నిమిషములు. గాలి ఉన్నచో 4 గంటల 35 నిమిషములు. ఎదురుగాలిలో విమానము ఎక్కువ సేపు ఉండును. తోడుగాలిలో తక్కువ సేపే ఉండును. అందుచేత గాలి ఇచ్చినదాని కంటె తీసికొన్నదే ఎల్లప్పుడును ఎక్కువ. వేగము గంటకు 800 కిలోమీటర్లైనచో అదే గాలి వలన కలుగు నష్టము నిమిషములో పదవ వంతు మాత్రమే. కాలపట్టికను నమ్మదగినదిగా చేసినది వేగమే అనుటకు ఇది కారణము.

ప్రాణములతో నేర్చిన పాఠము

1920లో లండన్ విమానాశ్రయము క్రోయ్‌డన్‌కు మారినది. ఆ రోజులలో పైలట్లు ఆకాశములో దారి తెలియుటకు నేల మీది రోడ్లను, రైలు పట్టాలను చూచుచు పోయెడివారు. ఆకాశము విశాలమైనది, ఢీకొనుట అసంభవము అని తలచెడివారు. కాని అందరును ఒకే రోడ్డును చూచి పోవునప్పుడు విశాలమైన ఆకాశము ఇరుకైన సందుగా మారును. 1922 ఏప్రిల్ 7న పొగమంచు కమ్మిన వేళ, లండన్ నుండి తపాలాతో పోవుచున్న విమానమును, పారిస్ నుండి ప్రయాణికులతో వచ్చుచున్న విమానమును ఒకే రోడ్డు మీదుగా తక్కువ ఎత్తున ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నవి. ఉత్తర ఫ్రాన్సులో పికార్డీ ప్రాంతమున ఇది జరిగినది. రెండింటిలోను ఉన్న ఏడుగురు మరణించినారు. ప్రయాణికుల విమానములు ఆకాశములో ఢీకొనుట అదే మొదటిసారి.

దీని పిమ్మట క్రోయ్‌డన్‌లో విమాన సంస్థలు, పైలట్లు సమావేశమై ఆకాశములో నిర్ణీత మార్గములు ఉండవలెననియు, ఎదురైన విమానములు కుడి వైపునకు తొలగవలెననియు, విమానములలో రేడియో ఉండవలెననియు తీర్మానించినారు. నేడు ప్రపంచమంతట ఆకాశములో కనబడని దారులను గీచి, భూమి మీద నుండి నడిపించు పద్ధతికి ఇటువంటి తీర్మానములే పునాది.

రేడియో వచ్చిన పిమ్మట ఆపదలో పలుకవలసిన మాట ఒకటి కావలసి వచ్చినది. తంతి సంకేతమైన "ఎస్ ఓ ఎస్" టెలిఫోనులో పలికినప్పుడు స్పష్టముగా వినబడదు. క్రోయ్‌డన్ రేడియో అధికారి ఫ్రెడరిక్ మాక్‌ఫర్డ్ 1923 ప్రాంతమున "మేడే" అను మాటను సూచించినాడు. ఫ్రెంచి భాషలో "నాకు సాయపడుడు" అను మాట ధ్వని అట్లే ఉండును. క్రోయ్‌డన్ రాకపోకలు హెచ్చుగా లె బూర్జేతోనే గనుక ఇరు దేశములవారికిని తెలియు మాట ఎంచినాడు. 1927లో అంతర్జాతీయ ఒడంబడిక దానిని ఆమోదించినది. నేడు ఏ దేశపు పైలటైనను ఆపదలో పలుకు ఆ మాట ఈ 344 కిలోమీటర్ల దారిలో పుట్టినదే.

వేగము పెరిగినను కాలము తగ్గదేల?

1931 నుండి ఈ మార్గమున నడచిన నాలుగు ఇంజనుల హ్యాండ్లీ పేజ్ విమానము 38 మందిని మోసినను దాని వేగము గంటకు 160 కిలోమీటర్లే. 1950 జూలై 29న వైకౌంట్ విమానము లండన్ నార్తోల్ట్ నుండి లె బూర్జేకు సుమారు గంటలో చేరినది. టర్బైను ఇంజనుతో ప్రయాణికులను చేరవేసిన మొదటి క్రమ సర్వీసు అది. తరువాత జెట్టు విమానములు వచ్చినవి. అయినను నేటి కాలపట్టికలో ఈ ప్రయాణమునకు చూపు కాలము సుమారు 1 గంట 20 నిమిషములు! ఇది వెనుకకు పోవుట కాదా?

కాదు. లెక్క చూచినచో విషయము తేటపడును. వేగము 160 నుండి 320 అయినచో ఈ దూరముపై ఒక గంటకు పైగా మిగులును. 800 నుండి 1,600 అయినచో మిగులునది 13 నిమిషములే. వేగమును ఎంత పెంచినను మిగులు కాలము అంతకంతకు తగ్గుచుండును. మరియు విమానము నిలిచిన చోటి నుండి కదలి, పరుగు దారికి చేరి, వరుసలో ఆగి, పైకెక్కి, దిగునప్పుడు తన వంతు వచ్చువరకు వేచియుండవలెను. కాలపట్టిక ఈ మొత్తమును లెక్కించును. గాలిలో ఉండునది ఒక గంటకు లోపలనే. 1922 నాటి పాఠము వలన ఏర్పడిన క్రమమునకు మనము చెల్లించు మూల్యము మిగిలిన నిమిషములు. అది అనవసరపు ఖర్చు కాదు.

1959 జూలైలో బ్లెరియో యానపు ఏబదవ వార్షికోత్సవ సందర్భమున జరిగిన పందెము దీనికి మంచి నిదర్శనము. లండన్‌లోని మార్బుల్ ఆర్చి నుండి పారిస్‌లోని విజయ తోరణము వరకు ఎవరు త్వరగా చేరుదురో చూడవలెను. గెలిచిన చార్లెస్ మాన్ అను వైమానిక దళాధికారి మోటారు సైకిలు, హెలికాప్టరు, యుద్ధ జెట్టు విమానము వాడి 40 నిమిషముల 44 సెకనులలో చేరినాడు. ఆ జెట్టు గంటకు వేయి కిలోమీటర్లకు పైగా పోగలది. మొత్తము ప్రయాణపు సగటు వేగము మాత్రము 500 ప్రాంతమే. పందెములో సైతము సగము వేగమును నేల తినివేసినది.

1994లో చానలు సొరంగము తెరువబడినది. లండన్ వైపున వేగవంతమైన రైలు మార్గము 2007లో పూర్తి అయిన పిమ్మట రైలు సుమారు 2 గంటల 20 నిమిషములలో ఒక నగరపు నడుమ నుండి మరియొక నగరపు నడుమకు చేరుచున్నది. రైలు దారి పొడవు సుమారు 490 కిలోమీటర్లు. విమానపు దారి కంటె చాల ఎక్కువ. ఐనను విమానాశ్రయమునకు పోవుట, తనిఖీలు, వేచియుండుట, దిగి నగరములోనికి వచ్చుట లెక్కించినచో పెక్కుమందికి రైలే త్వరగా చేర్చును. పొడవైన దారి పొట్టి ప్రయాణమైనది!

ఈనాడు లండన్‌కు ముఖ్య విమానాశ్రయమైన హీత్రో కూడ ఆ పాత మైదానపు చదును నేల మీదనే వెలసినది. రాయ్ ఆధార రేఖ రెండు కొసలను గుర్తించుటకు నిలువుగ పాతిన ఫిరంగి గొట్టములలో ఒకటి ఆ విమానాశ్రయపు ఉత్తరపు సరిహద్దు చెంత ఉన్నది. దాని ప్రక్కనుండి లేచు విమానములు మారినవి, గడియారములు మారినవి, ఆకాశపు నియమములు మారినవి. కాలపట్టికను చూచువారు "దూరమెంత?" అని మాత్రమే కాక, ఆ కాలములో గాలి వంతు ఎంత, గడియారము వంతు ఎంత, నేల వంతు ఎంత, క్షేమము వంతు ఎంత అని విడదీసి చూచుట నేర్చినచో ఏ రెండు నగరముల మధ్య ప్రయాణమైనను సులభముగా అర్థమగును.